ఒక్కనాటి ప్రదక్షిణము

కైలాసమునకు శిఖరమార్గము లేదు. ప్రదక్షిణమార్గము మాత్రమే కలదు. 6,600 మీటర్లకు పైబడిన ఆ గిరి నెక్కిన పర్వతారోహకుడు లేడు. హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, బోన్ మతస్థులకు పూజ్యమైన ఆ కొండ ఎక్కుటకు గాక చుట్టివచ్చుటకే యున్నదని భక్తుల నిశ్చయము. చుట్టుదారి సుమారు 52 కిలోమీటర్లు. అందు మిక్కిలి దిగువనున్న చోటు సైతము సముద్రమట్టమునకు 4,600 మీటర్ల ఎత్తున నున్నది. మిక్కిలి ఎగువనున్న డోల్మా కనుమ 5,600 మీటర్లు దాటును. భారతదేశము నుండి పోవు యాత్రికులు ఈ ప్రదక్షిణమును సాధారణముగా మూడు దినములలో పూర్తి చేయుదురు. టిబెట్టువారిలో పెక్కుమంది ఒక్కదినముననే పూర్తి చేయుదురు. ఇచ్చట విచారింపదలచినది ఆ ఒక్కదినమును గూర్చియే.

తెల్లవారుటకు మూడు నాలుగు గంటలు ముందే వారు దార్చెన్ గ్రామమును విడుతురు. చేత జపమాల, మూటలో వేయించిన యవల పిండి, వెన్న కలిపిన తేనీరు, అంతకు మించి బరువుండదు. మొదట పడమటి లోయ. నది వెంబడి ఉత్తరముగా నడచుచుండగా ఎడమవైపు కొండచరియపై ఛుకూ మఠము కానవచ్చును. చీకటి విడిపోవు వేళకు ఇరుప్రక్కల ఎఱ్ఱని రాతిగోడల నడుమ దారి సాగుచుండును. సుమారు 20 కిలోమీటర్ల పిదప దిరాపుక్ మఠము. అచ్చట కైలాసపు ఉత్తరముఖము ఏ అడ్డును లేక నిట్టనిలువుగా ఎదుట నిలుచును. అంతవరకు దారి కొంచెము కొంచెముగా ఎక్కినదే గాని, అచ్చటినుండి అసలైన ఎక్కుడు ప్రారంభమగును. ఏడెనిమిది కిలోమీటర్లలో దాదాపు 600 మీటర్లు పైకి పోవలెను. నడుమ శివత్సాల్ అను చోట టిబెట్టువారు తమ వస్త్రములలో ఒకదానినో, ఒక వెంట్రుకల పాయనో విడిచిపెట్టుదురు. పాత దేహము నచ్చట వదలి ముందునకు పోవుచున్నట్లు వారి భావన. కనుమపై రంగురంగుల పతాకములతో కప్పబడిన పెద్దబండ యొకటి కలదు. డోల్మా యనగా తారాదేవి. ఆమె పేరట పిడికెడు పిండి చల్లి, ఒక్క క్షణము నిలిచి, దిగుటకు పూనుకొందురు. అచ్చట ఎక్కువసేపు నిలువదగదు; గాలి అట్టిది. ఆవలి ప్రక్క దిగువన గౌరీకుండము పచ్చగనో, మంచు కప్పుకొని తెల్లగనో కనబడును. తరువాతి దిగుడు మోకాళ్లకు పరీక్ష. తూర్పులోయలో పడిన పిమ్మట దారి చదునగును గాని తరుగుచున్నట్లు తోచదు. మిలారేపా యోగి తపస్సు చేసెనని చెప్పు జుతుల్‌పుక్ గుహను దాటి, ఇంకను పది పండ్రెండు కిలోమీటర్లు నడచినగాని దార్చెన్ చేరరు. పండ్రెండు మొదలు పదునైదు గంటల నడక యది.

ఇది వారికి సాహసకృత్యము కాదు. ఈ మాట ముఖ్యము. ముసలివారు సైతము ఇట్లు నడతురు. ప్రదక్షిణములను పదమూడు, నూట యెనిమిది యని లెక్కించుకొనువారు గలరు. ఆ సంఖ్యలు పూర్తి కావలెనన్న ఒక్కొక్కటికి మూడు దినములు వెచ్చించుట పశువులు, పొలము, బిడ్డలు గలవారికి సాధ్యము కాదు. కావుననే ఒక్కనాటి నడక. వారి పంచాంగమున పండ్రెండేండ్లకొకసారి వచ్చు అశ్వవత్సరమున చేసిన ఒక్క ప్రదక్షిణము పదమూడింటికి సమమని నమ్మకము. 2014 అట్టిది, 2026 అట్టిది. బోన్ మతస్థులు ఇదే దారిని అప్రదక్షిణముగా చుట్టుదురు. కనుక ఒక్కదినమున నడచువారికి ఎదురుగా వచ్చువారు కనబడుచునే యుందురు. ఇరుకైన చోట ఒకరు తొలగి ఒకరికి దారి నిత్తురు. ఇక సాష్టాంగ దండప్రణామములతో చుట్టువారు గలరు. వారికి వారముల తరబడి పట్టును. ఒక్కదినమున ముగించువాడు ఎక్కువ, వారములు పట్టువాడు తక్కువ యని ఆ దారిలో ఎవ్వరును గణింపరు. వేగమునకు అచ్చట విలువ లేదు.

విలువ వచ్చునది వేరొకచోట. బల్లపరుపు నేలలనుండి పోయిన యాత్రికుడు ఈ సంగతి వినును. 'వృద్ధురాలు ఒక్కదినమున చుట్టగా నేను చుట్టలేనా?' యని అతనికి తోచును. ఆ ప్రశ్నలో భక్తి యెంత, అభిమాన మెంత యని విడదీయుట అతనికే కష్టము. రెండును కలిసియే యుండును. ఇంటివద్ద నలుగురకు చెప్పుకొనవలెనన్న కోరికయు, ఈశ్వరునికొరకు ఒక్కదినమైనను ఒడలు మరచి నడువవలెనన్న ఆర్తియు ఒకే హృదయమునుండి ఒకే శ్వాసలో వెలువడుచున్నవి. ఆ కోరికను గర్హించుటవలన ప్రయోజనము లేదు. ఆర్తి లేనివాడు అంతదూరము పోనేపోడు. విచారింపవలసినది, ఆ నడకలో ఏది ముందు నడచుచున్నది, ఏది వెంట వచ్చుచున్నది యనునదే. అది తేలక బయలుదేరినవానికి ఆ కనుమవద్ద ప్రాణాపాయము సైతము సంభవింపవచ్చును. కావున ఇది వట్టి వేదాంతచర్చ కాదు.

ఈ మార్గము తెలుగువారికి పరాయిది కాదు. తూర్పుగోదావరి ప్రాంతమున 1896లో జన్మించిన కనకదండి వేంకట సోమయాజులుగారే తరువాత స్వామి ప్రణవానందులైరి. రైల్వేలో గణకుడుగ పనిచేసి, సహాయనిరాకరణోద్యమమున చేరి, ఆపైన సన్యాసమార్గము ననుసరించిన ఈ మహనీయుడు 1928లో తొలిసారి కైలాస మానససరోవరములను దర్శించెను. అటుపిమ్మట ఎన్నిసార్లు వెళ్లెనో! 1936-37లో మానసతీరమున ఒక మఠమున ఏడాది గడపి, ఆ సరస్సు గడ్డకట్టుటను, తిరిగి కరగుటను కన్నులార చూచెను. మజిలీలు, దూరములు, మఠములు, నదుల పుట్టుకలు, అన్నిటిని గుర్తించి వ్రాసిన ఆయన గ్రంథము 1949లో వెలువడినది. 1976లో భారతప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించెను. ఆయనకు జపమును కొలతయు పరస్పర విరోధములుగ తోచలేదు. భగవంతుని కొండ గదా యని దూరమును అంచనాగ వ్రాసి విడువలేదు. కొలిచినంత మాత్రమున కొండ చిన్నదైపోవునని భయపడలేదు. ఒక్కదినపు ప్రదక్షిణమునకు పూనుకొనువాడు ఆయనవద్ద నేర్చుకొనవలసినది ఈ రెండవదే. తన బలమును గూడ అట్లే నిష్పక్షపాతముగ కొలిచి చూచుకొనవలెను.

దేహము చెప్పు లెక్క యిది. 5,600 మీటర్ల ఎత్తున వాయుపీడనము సముద్రతీరముననున్న దానిలో దాదాపు సగము. ఒక్కొక్క శ్వాసలో చేరు ప్రాణవాయువు అంతకంతకు తగ్గును. విశాఖపట్టణమునో, హైదరాబాదునో విడిచి కొలది దినములలో అంత ఎత్తు చేరినవానికి తలనొప్పి, వాంతి, నిద్రలేమి మొదలగును; అవి గమనింపక పైకి పోయినచో ఊపిరితిత్తులలోనో, మెదడులోనో నీరు చేరి ప్రాణము పోవుటయు కలదు. దీనికి తప్పని చికిత్స ఒక్కటే: వెంటనే క్రిందికి దిగుట. టిబెట్టువారి సంగతి వేరు. వేలయేండ్లుగా ఆ పీఠభూమిపై నివసించిన వారి దేహములు ఆ గాలికి ఒదిగినవి. వారి రక్తము ఆ ఎత్తున అనవసరముగా చిక్కబడకుండ చేయు జన్యుభేదమును శాస్త్రజ్ఞులు 2010లో గుర్తించిరి. కనుక ఆ వృద్ధురాలితో పోటీకి దిగిన మైదానపు యువకుడు ఆమెతో మాత్రమే గాక ఆమె పూర్వుల శతాబ్దములతో పోటీపడుచున్నాడు.

అధికారిభేదము అను మాట వేదాంతమున నున్నది. విన్నవారికి తరచు అది కోపము తెప్పించును. తనను తక్కువచేసినట్లు తోచును. కొండదారిలో ఆ మాటకు గల సాధువైన అర్థము తేటపడును. అధికారమనగా గౌరవము కాదు, సిద్ధముగ నుండుట. సిద్ధముగ లేనివాడు నీచుడు కాడు. అతడు చేయవలసినది వేరు, అంతే. భారత ప్రభుత్వపు యాత్రలో పోవువారికి ఢిల్లీలో వైద్యపరీక్ష జరుగును. లిపులేఖ్ మార్గమున పోవువారికి గుంజీలో మరల జరుగును. అచ్చట వెనుకకు పంపబడినవారు కన్నీరు పెట్టుకొందురు. 2020 మొదలు అయిదేండ్లు నిలిచిపోయి 2025లో తిరిగి ప్రారంభమైన యాత్రకు ఎన్నో ఏండ్లుగ కాచుకొన్నవారికి ఆ దుఃఖము సహజమే. కాని ఆ వైద్యుడు శివునికిని భక్తునికిని నడుమ అడ్డు నిలువలేదు.

శివుడే ఒకప్పుడు ఆ వైద్యుని పాత్ర వహించెను. కాళిదాసు కుమారసంభవమున పంచమసర్గ ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. పార్వతి ఘోరతపము చేయుచున్న వేళ ఒక బ్రహ్మచారి వచ్చును. అతడు మొట్టమొదట అడిగిన కుశలప్రశ్నలలో ఒకటి, నీ శక్తికి తగినంతగానే తపము చేయుచున్నావా యని. ధర్మమునకు మొదటి పనిముట్టు దేహమే గదా యని కారణము గూడ చెప్పును. ఆ బ్రహ్మచారి మారువేషమున వచ్చిన పరమేశ్వరుడు! ఎవనికొరకై ఆమె ఒడలు కాల్చుకొనుచున్నదో వాడే ఆమె ఒడలిని గూర్చి విచారించుచున్నాడు. కైలాసమును చుట్టుచున్నవాడు ఈ ఘట్టమును దారిలో తలచుకొనుట మంచిది.

గీతలో పదునేడవ అధ్యాయము తపస్సును మూడు విధములుగ విభజించినది. ఫలాపేక్ష లేక శ్రద్ధతో చేయునది సాత్త్వికము. సత్కారమును, మన్ననను, పూజను కోరి ఆడంబరముతో చేయునది రాజసము. మూఢమైన పట్టుదలతో తన్ను పీడించుకొనుచు చేయునది తామసము. ఒకే 52 కిలోమీటర్లు మూడు విధములుగను నడువవచ్చును. చూచువానికి తేడా కనబడదు. ఇంకొక చిక్కు కలదు. సాత్త్వికముగ బయలుదేరినవాడు నడిదారిలో తామసమునకు జారును. ఉదయము నామస్మరణతో అడుగిడినవాడు మధ్యాహ్నమునకు తల పగిలిపోవుచుండగా పండ్లు కరచుకొని, మాట మీద నిలువవలెనన్న ఒక్క మొండితనముతో నడచుచుండును. నోట నామము లేదు. తోటివాడు పలుకరించిన కసరును. అప్పటికి అతడు చేయుచున్నది ప్రదక్షిణము కాదు. కొండ అతని కుడిప్రక్కన నున్నను అతడు తన పట్టుదల చుట్టునే తిరుగుచున్నాడు.

ఈ విషయమున బౌద్ధవినయగ్రంథములలోని సోణుని కథ మిక్కిలి చక్కగ నుండును. సోణుడు చంపానగరపు శ్రేష్ఠి కుమారుడు. ఎంత సుకుమారుడనగా, అతని అరికాళ్లపై మెత్తని రోమములు మొలచెనట! మగధరాజు బింబిసారుడు ఆ వింతను చూడగోరి అతనిని పిలిపించెను. ఆ సందర్భముననే బుద్ధుని బోధ విని అతడు భిక్షువయ్యెను. రాజగృహమునకు సమీపముననున్న శీతవనమున ఏకాగ్రతకొరకై నడకధ్యానము సాగించెను. ఎంతగ నడచెననగా అరికాళ్లు చిట్లి నడకదారి యంతయు నెత్తురు పారినది. అయినను మనస్సు విముక్తము కాలేదు. 'నాకంటె పట్టుదల గలవాడు ఎవడు? అయినను ఫలింపలేదు. ఇంటికి పోయి, ఉన్న ధనముతో దానధర్మములు చేసికొనుట మేలు' అని తలపోసెను. బుద్ధుడు అతనికడకు వచ్చి అడిగిన ప్రశ్న వీణను గూర్చినది; ఏలన సోణుడు గృహస్థుగ నున్నప్పుడు వీణావాదనమున నేర్పరి. తంత్రులు మిక్కిలి బిగించిన మ్రోగునా? లేదు. మిక్కిలి సడలించిన? లేదు. సరిగా శ్రుతి చేసిన? మ్రోగును. అంతటితో సోణునకు తెలిసినది.

సాధారణముగ కథ ఇచ్చటనే నిలిపివేయుదురు. దాని తరువాతి భాగము ఇంకను రుచికరము. సోణుడు సుకుమారుడు గనుక చెప్పులు తొడుగుకొనవచ్చునని బుద్ధుడు అతనికి ప్రత్యేకముగ అనుమతి నిచ్చెను. అతడు అంగీకరింపలేదు. బండ్లకొలది బంగారమును, ఏనుగులను విడిచివచ్చినవాడు ఇప్పుడు జత చెప్పులకు ఆశపడెనని లోకులందురు; సంఘమున కంతటికి అనుమతించినచో తానును తొడుగుదుననెను. బుద్ధుడు భిక్షువు లందరకు ఒంటిపొర చెప్పులు అనుమతించెను. ఒక్కని అరికాలి నెత్తురు అందరి పాదములకు రక్షణ యైనది. శరీరమును శిక్షించుటయే వైరాగ్యమని ఎంచువారు ఈ చెప్పులను మరువరాదు. సోణుడు నడక మానలేదు. చెప్పులు తొడిగి నడచెను. ఈ చెప్పుల మాటకు ముందే అతడు అర్హతుడయ్యెను.

శక్తిమంతులకు ఈ లెక్క వర్తింపదని ఎవరైన అనవచ్చును. స్వామి వివేకానందులు 1898 ఆగస్టు 2వ తేదీన అమరనాథ గుహను దర్శించిరి. నదిలో స్నానము చేసి, కౌపీనధారియై, దేహమంతయు వణకుచుండగా గుహలో ప్రవేశించిరి. అచ్చట ఆయనకు కలిగిన దర్శనమును గూర్చి భక్తలోక మెరుగును. కాని సోదరి నివేదిత వ్రాసిన వృత్తాంతమున వేరొక సంగతియు కలదు: ఆ శ్రమకు ఆయన హృదయము ఆగిపోవలసినదనియు, ఆగుటకు మారుగ శాశ్వతముగ విస్తరించినదనియు వైద్యుడు చెప్పెను. నాలుగు సంవత్సరములు గడువకముందే ఆయన దేహము చాలించిరి. మహాత్ములు తెలిసి మూల్యము చెల్లింతురు. చెల్లించిన దేమియు లేదని శిష్యురాలు దాచలేదు. మహాత్ముని గాథను చదివి ఆ దర్శనమును మాత్రము తనకు కోరుకొని, ఆ వైద్యుని మాట చదువనట్లు నటించుట నిజాయితీ కాదు.

ఇక సంకల్పపు చిక్కు. 'సంకల్పము చెప్పుకొంటిని, నడుమ విడిచిన దోషము కాదా?' యని నిష్ఠాపరులు అడుగుదురు. ఈ ప్రశ్నను తేలికగ త్రోసిపుచ్చరాదు. మాట నిలుపుకొనుట చిన్న ధర్మము కాదు. అలసినప్పుడెల్ల సంకల్పమును మార్చుకొనువాడు ఏ సాధనయందును నిలువడు. కాని నిత్యపూజలో చెప్పుకొను సంకల్పమును ఒకసారి శ్రద్ధగ వినవలెను. కాలమును పేర్కొందుము, దేశమును పేర్కొందుము, గోత్రనామములు పేర్కొందుము, ఆపైన 'యావచ్ఛక్తి' యని చెప్పి పూజకు పూనుకొందుము. ఆ పదము అలంకారమునకు పెట్టినది కాదు. ఋషులు సంకల్పములోనే హద్దును కలిపి ఇచ్చిరి. ఎంత శక్తి యున్నదో అంతవరకని ఈశ్వరునకు మొదటనే విన్నవించిన తరువాత, శక్తి చాలనిచోట నిలిచిపోవుట సంకల్పభంగము కాదు. సంకల్పమును అక్షరము తప్పక నెరవేర్చుటయే. శక్తి యుండగ నిలిచిపోవుటయే భంగము. ఏది శక్తి చాలమి, ఏది సోమరితనము అనునది నడచువాని అంతరాత్మ యెరుగును. కాని అంత ఎత్తున అంతరాత్మ సైతము మసకబారును. మెదడునకు ప్రాణవాయువు తగ్గినప్పుడు మొట్టమొదట చెడునది నిర్ణయశక్తియే. కావున వివేకియగువాడు ఆ నిర్ణయమును దార్చెన్‌లోనే, తల తేటగ నున్నప్పుడే చేసికొనును. ఇన్ని గంటలకు దిరాపుక్ చేరనిచో పైకి పోను. తలనొప్పితో పాటు వాంతి యైనను, అడుగు తడబడినను దిగిపోదును. నాతో నున్నవాడు దిగుమన్న వాదింపక దిగుదును. ఇట్లు ముందుగ చెప్పుకొన్నచో ఆ సమయమున పట్టుదలకు గాని పిరికితనమునకు గాని మాటలాడు తావుండదు.

సిద్ధపాటు నెలలకు ముందే మొదలు కావలెను. తెలుగునాట దీనికి మంచి పాఠశాల సింహాచలము. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు తొలిపావంచావద్ద కొబ్బరికాయ కొట్టి, అడివివరము, హనుమంతవాక మీదుగ సముద్రతీరము చేరి, మాధవధార, గోపాలపట్నముల మీదుగ మరల కొండ పాదము చేరు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణమును లక్షలాది జనులు ఒక పగలు, ఒక రాత్రిలో ముగించుచున్నారు. మరునాడు పూర్ణిమ, స్వామికి ఆ యేటి కడపటి విడత చందన సమర్పణము. అచ్చట గాలి కొరత లేదు. ఉక్క, వాన, బొబ్బలు మాత్రమే. మొదటి పది కిలోమీటర్లు ముచ్చట్లతో గడచును. సగము దాటినప్పటినుండి మాట తగ్గును. తెల్లవారుజామున ప్రక్కన నడచుచున్న అపరిచితుడు అందించిన మజ్జిగ గ్లాసు ఎంత గొప్పదో తెలియును. ఎంత నీరు త్రాగవలెను, ఏ చెప్పు కరచును, ఎచ్చట కోపము వచ్చును అను మూడు సంగతులు అక్కడ నేర్చినవాడు హిమాలయమున వాటిని క్రొత్తగ నేర్చుకొననక్కరలేదు. నడువలేని పెద్దలు ఆలయమునకే ప్రదక్షిణములు చేసి స్వామిని సేవింతురు. వారికి తక్కువ ముట్టినదని ఎవ్వరును అనరు.

నడక వేగమును గూర్చి అరుణాచలమున మంచి సంప్రదాయము కలదు. అచ్చటి చుట్టు 14 కిలోమీటర్లే. నిండుగర్భిణియైన రాణి నడచునట్లు మెల్లగ, అలికిడి లేక నడువవలెనని భగవాన్ శ్రీ రమణమహర్షి చెప్పుచుండెడివారు. భక్తులతో ఆయన బయలుదేరిన ఒక్కొక్కప్పుడు ఆ కొద్దిదూరమునకు రాత్రి యంతయు పట్టెడిది. కైలాసమున ఒక్కదినపు నడకకు సైతము ఈ నడకయే తగినది. దూరము పెద్దదైనప్పుడు వేగము పెంచవలెనని తోచుట సహజమే గాని, పెంచవలసినది ఎడతెగమి. మధ్యమధ్య పరుగిడి కూలబడువానికంటె నెమ్మదిగ ఆగక నడచువాడు ముందు చేరును. జపము చేయువానికి కొలబద్ద చేతిలోనే యున్నది: అడుగడుగునకు నామము పెదవులపై తొణకక సాగుచున్నంతవరకు వేగము సరియైనది, నామము తెగి రొప్పు మిగిలినప్పుడు వేగము మించినది. వైద్యులును ఇదే పరీక్షను వేరు మాటలలో చెప్పుదురు, నడచుచు మాటలాడగలుగవలెనందురు.

మానససరోవర ప్రాంతమున కొన్ని దినములు మెల్లగ తిరిగి దేహమును ఆ గాలికి అలవాటు చేయుట, రాత్రి పడక ఎత్తును దినదినము కొద్దికొద్దిగ మాత్రమే పెంచుట, ఆకలి లేకున్నను ఆహారము తీసికొనుట: ఇవి అందరు చెప్పునవే. ఉపవాసముండి ప్రదక్షిణము చేసిన పుణ్యము ద్విగుణమగునని భావించువారికి గీతలోని ఆరవ అధ్యాయము చాలును; మితిమీరి తినువానికి వలెనే బొత్తిగ తిననివానికి సైతము యోగము లేదని అది చెప్పుచున్నది.

తోడును గూర్చి మాత్రము ఒక్కమాట విడమరచి చెప్పవలసియున్నది. ఒక్కదినపు నడకలో అందరి బలము సమముగ నుండదు. కనుమకు ముందు ఒకడు వెనుకబడును. ముందున్నవానికి వెలుగు తరుగుచున్న చింత. మహాప్రస్థానమున ధర్మరాజు పడిపోయిన ద్రౌపదిని, తమ్ములను వెనుదిరిగి చూడక నడచెను గదా యని ఇచ్చట ఉదాహరించువారు గలరు. ఆ ఉదాహరణ చెల్లదు. పాండవులు దేహత్యాగమునకే సంకల్పించి బయలుదేరిరి. యాత్రికుడు ఇల్లు చేరవలెనని బయలుదేరినవాడు. అంతే కాదు, అదే ధర్మరాజు తనను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గరథ మెక్కనని నిలిచెను. ఆ దారిలో యాత్రికుని నమ్మి వచ్చువారు ఇంకను గలరు: మూట మోయువాడు, గుఱ్ఱము నడుపువాడు. టిబెట్టువాడైనంత మాత్రమున అతనికి చలి లేదనియు, అలసట లేదనియు తలపరాదు. యజమాని ఒక్కదినమున చుట్టవలెనన్న ఉబలాటమునకు అతడును, అతని పశువును విశ్రాంతి లేక నడువవలసి వచ్చును. ఉదయము అతనితో మాటలాడి, అతని సమ్మతిని, అతని ఆహారమును, అధికమైన కూలిని స్థిరపరచుకొనక 'హర హర' యని బయలుదేరినవాని పుణ్యములో ఎవరి చెమట ఎంత యున్నదో చిత్రగుప్తుడు సరిగా లెక్కింపకపోడు.

ఇన్ని చేసినను దిరాపుక్ వద్ద మధ్యాహ్నమున తల బరువెక్కి, ముందుగ చెప్పుకొన్న గుర్తులు కనబడినచో, అచ్చట ఆగుటయే. ఆగినవానికి ఆ చోటు తక్కువ చోటు కాదు. మిగిలిన దారిలో పలుచోట్ల కొండల చాటున దాగు కైలాసము దిరాపుక్ వద్ద నడుమ నేమియు అడ్డములేక ఎదురుగ నిలిచియుండును. ఒక్కదినమున చుట్టిపోవువారు అచ్చట నిలుచునది కొద్ది నిమిషములే. పొద్దు వారిని తరుముచుండును. ఆగినవానికి మధ్యాహ్నమంతయు కలదు. వెచ్చని బట్ట కప్పుకొని, వేడినీరు త్రాగి, రాతికి జేరగిలి కూర్చుండి, తెగిపోయిన నామమును మరల అందుకొనవచ్చును. తలనొప్పి తగ్గకున్నచో వెలుగుండగనే, తోడు వెంటనుండగ, వచ్చిన లోయవెంటనే దార్చెన్ వైపునకు దిగవలెను. దిగునప్పుడు ఎదురుగ ఎక్కివచ్చు యాత్రికులు వెనుకకు పోవుచున్నాడేమని చూతురు. వారికి దారి తొలగి నిలిచి, కొండవైపునకు ఒక్కసారి చేతులు జోడించి, సాగిపోవలెను.